పైనా కిందా

"పెద్ద ఫంక్షనే పైనుండాలి. ఇంటి పెద్ద గుమ్మంలోనే కనబడాలి కదా" అన్నాడు గడ్డం.

"గిన్నెలు కడుక్కోకుండానే పొయ్యి వెలిగిస్తావా? చిన్నవి పైన, పెద్దది చివర" అన్నాడు కళ్లజోడు.

ఫంక్షన్లంటే ప్రోగ్రాంలోని పని ముక్కలు. ఏది పైనున్నా, ఏది కిందున్నా కంప్యూటర్‌కు ఒకటే. ఈ ఇద్దరు ప్రోగ్రామర్లకు మాత్రం కాదు. పొద్దున గడ్డం పెద్దదాన్ని పైకి తెస్తాడు. మధ్యాహ్నానికి కళ్లజోడు దాన్ని అడుక్కి తోస్తాడు. నెలల తరబడి ఫైలు తలకిందులవుతోందే తప్ప ఒక్క లైను పెరగలేదు.

చిలికి చిలికి గాలివాన అయింది. ఇద్దరి బల్లల మధ్య నేల మీద రంగు టేపు వెలిసింది. కళ్లజోడు లిఫ్టెక్కితే గడ్డం మెట్లెక్కుతున్నాడు.

మేనేజర్‌కు తలప్రాణం తోకకొచ్చింది. కస్టమర్ల ఫోన్లకు తనంతట తానే జవాబు చెప్పే ప్రోగ్రాం అది. పూర్తయితే పక్క గదిలో ఫోన్లెత్తేవాళ్లందరినీ ఇళ్లకు పంపేయొచ్చు. పూర్తవకపోతే ఇంటికెళ్లేది తనే. బుజ్జగించాడు, బెదిరించాడు. ఎవరి కుందేలుకు వాళ్లు మూడే కాళ్లన్నారు.

చివరికి సిగ్గు విడిచి ఫోన్ల గదిలోని అక్కనే పిలిచాడు. ఎంత తిట్టే కస్టమరైనా ఆవిడతో మాట్లాడితే చల్లబడి ఫోన్ పెట్టేస్తాడు.

"వాళ్లకు మీరే రాజీ కుదర్చాలమ్మా."

"నాకీ పైనా కిందా తెలియదు సార్. చూస్తాను."

వాళ్లిద్దరి గదిలోకెళ్లి తలుపేసుకుంది. కాసేపటికి బయటికొచ్చింది.

"ఒప్పుకున్నారు సార్. ఇక పెద్దా లేదు, చిన్నా లేదు. పేర్లను అక్షరాల వరసలో పెట్టుకుంటారట."

మేనేజర్ ఆవిడకు దండం పెట్టాడు. పాపం, కళ్లు కూడా చెమర్చాయి. కింద కూర్చుని రంగు టేపును తన గోళ్లతోనే గీకి పీకేశాడు.

ఆ సంతోషం మర్నాడు మధ్యాహ్నం దాకా నిలవలేదు.

"వరసంటే అ ఆల వరసే. 'కాల్' ముందు, 'బెల్' తర్వాత. చిన్నప్పుడు పలక మీద దిద్దలేదా?" అంటున్నాడు గడ్డం.

"ఏ బీ సీల వరస. 'బెల్' ముందు, 'కాల్' తర్వాత. ఫోనైనా మోగాకే కదా ఎత్తేది" అంటున్నాడు కళ్లజోడు.

టేపు మళ్లీ వెలిసింది. మేనేజర్ గోడకు తల ఆనించి నిలబడిపోయాడు.

సాయంత్రం మెట్ల కింద, టీ ఫ్లాస్కు దగ్గర, అక్క రెండు కప్పులు నింపి ఒకటి గడ్డానికీ ఒకటి కళ్లజోడుకీ అందిస్తూ అంది: "ఏ బీ సీలతో మా గది ఇంకో రెండు నెలలు నిలబడుతుంది తమ్ముళ్లూ, ఆ తర్వాతి గొడవేదో ఈసారి మీరే ఆలోచించండి."