అదే మోడల్

“కళ్లు మూసుకుని తూటాలు తీస్తున్నావేంటే? దొంగొస్తే వాడి ముందు జపం చేస్తావా?” అంది మార్జ్.

మిగతా ఆడవాళ్లు నవ్వారు. మార్జ్ స్కూలు బస్సు నడుపుతుంది. కోళ్లను ఎత్తుకుపోయే నక్కల కోసమని తుపాకీ కొంది.

టెస్సా నవ్వలేదు. రివాల్వర్ గొట్టాన్ని మట్టిదిబ్బ వైపే ఉంచి, తూటాలుండే చక్రం పక్కకు తెరిచి, వాటిని ఒళ్లోకి రాల్చుకుంది. ఒక్కో గదినీ వేలితో తడిమి చూసింది. మళ్లీ నింపింది. మళ్లీ తీసింది.

వెర్నా దూరం నుంచి గమనిస్తోంది. షెరీఫ్ ఆఫీసులో పోలీసుగా పనిచేసి రిటైరైన మనిషి. మొదటిసారి తుపాకీ కొన్న ఆడవాళ్లకు శనివారాల్లో పాత క్వారీలో పాఠాలు చెబుతుంది. వచ్చిన వాళ్లను ముందుగా ఎందుకు కొన్నారని అడుగుతుంది. మార్జ్ నక్కలంది. చర్చిలో పియానో వాయించే పెద్దావిడ ఒంటరిదాన్నంది. టెస్సా మాత్రం, “మా ఇంట్లో ఒక తుపాకీ ఉంది. దాని భయానికి” అంది.

వెర్నాకు ఆ మాట చాలు. ఆమె చెల్లెలు సొంత వంటింట్లో మొగుడి తూటాకు పోయింది. ఆ తర్వాతే వెర్నా ఈ పాఠాలు మొదలుపెట్టింది.

అందరూ మాంసం ముక్కలు పెట్టిన పెపరోనీ రొట్టెలు తింటుంటే టెస్సాను పక్కకు పిలిచింది.

“మీ ఆయన రోయ్స్ కదూ? గని కూలినప్పుడు బయటపడ్డవాడు?”

“ఆయనొక్కడే బయటపడ్డాడు.”

“అప్పట్నుంచే మారాడా?”

టెస్సా తలూపింది. “మాట్లాడడు. కంచం ముందు కూర్చుని అట్లాగే లేచిపోతాడు. సాయంత్రమైతే షెడ్డులో ఆ తుపాకీని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాడు. వంటింట్లో నాకు చేతులాడవు.”

“చెయ్యి చేసుకున్నాడా?”

“లేదక్కా. ఒక్కసారి కూడా.”

“మా చెల్లెలూ ఇదే అనేది.” వెర్నా కళ్లు ఆమె మెడ మీదా మణికట్ల మీదా కమిలిన మరకల కోసం వెతికాయి. ఏమీ కనిపించలేదు. “షెరీఫ్‌కి చెబుదాం. వచ్చి పట్టుకుపోతారు.”

“వద్దక్కా. షెరీఫ్ బండి గుమ్మం ముందు ఆగితే ఆ క్షణమే అంతా అయిపోతుంది.”

“పోనీ ఆ తుపాకీని దాచెయ్.”

“దాచాను. ఇల్లంతా తిరగేశాడు. లేకపోతే ఇంకోటి తెచ్చుకుంటానన్నాడు. మళ్లీ అక్కడే పెట్టేశాను.”

“అయితే నువ్వే నా దగ్గరికి వచ్చెయ్, తల్లీ.”

“ఆయన్ని వదిలి ఎట్లా వస్తాను?”

వెర్నా పళ్లు కొరుక్కుంది. ఇంత పిచ్చి ప్రేమలు ఎక్కణ్నుంచి వస్తాయో ఆమెకు అర్థం కాదు. “కనీసం చేతికి సరిపోయేదైనా కొనాల్సింది. ఇంత బరువుది నీకెవరు అంటగట్టారు?”

“ఎవరూ కాదు. ఆయనదీ ఇదే మోడల్. వెతికి మరీ కొన్నాను.” టెస్సా గొంతు తగ్గించి అడిగింది. “ట్రిగ్గర్ నొక్కినా ఇది పేలకుండా ఉంటుందా అక్కా?”

అవసరానికి మొరాయిస్తుందని దిగులు పడుతోందనుకుంది వెర్నా. “భయపడకు. తూటాను పొడిచే సూది ఊడితే తప్ప ఇది మొరాయించదు. సూది లేకపోతే టిక్కుమంటుంది, అంతే.”

“పట్టుకున్నవాళ్లకు తెలుస్తుందా?”

“విప్పి చూస్తేనే తెలుస్తుంది. నీదాంట్లో సూది బాగానే ఉంది, చూశాను. నువ్వు ముందు గురి నేర్చుకో.”

టెస్సా గురి నేర్చుకోలేదు. ఆ పూటంతా తూటాలు నింపుతూ, తీస్తూ కూర్చుంది.

తర్వాతి శనివారం ఆమె రాలేదు. పాఠం చెబుతున్నంతసేపూ వెర్నా చూపు రోడ్డు మీదే ఉంది. ఆ రోజు మార్జ్ కూడా జోకులు వేయలేదు.

ఆపై వారం అందరికంటే ముందే టెస్సా ట్రక్కు వచ్చి గేటు దగ్గర ఆగింది. తువ్వాల్లో చుట్టిన తుపాకీ తెచ్చి వెర్నాకు అందించింది.

“దీన్ని కొన్నాళ్లు నీ లాకర్లో దాచు అక్కా.”

వెర్నా గొట్టాన్ని నేలవైపు తిప్పి చక్రం తెరిచింది. ఖాళీగా ఉంది. పిడికి ఉన్న చెక్కలు కొత్తగా మెరుస్తున్నాయి. ఉక్కు మాత్రం అంచుల్లో అరిగి తెల్లబడింది.

“చెక్కలు నీవే. తుపాకీ నీది కాదు.”

“ఆయనది. చీకట్లోనే తడుముతూ దీని తూటాలు తీసి నాదాంట్లో నింపాను. చెక్కలు మార్చాను. అరిగినవి నాదానికి బిగించాను.”

“మరి నీదెక్కడ?”

“షెడ్డులో. ఆయన పెట్టుకునే చోట పెట్టాను.”

“నీకు మతి పోయిందా, పిల్లా? కొని మరీ వాడి చేతికిచ్చావా?”

“దాంట్లో సూది లేదక్కా. తుపాకులు బాగుచేసే ముసలాయనతో తీయించాను.”

వెర్నాకు విషయం అర్థమైంది. టెస్సాను గట్టిగా వాటేసుకుంది. “నీ తెలివి మా చెల్లెలికి ఉంటేనా! ఇక ఎంత నొక్కినా టిక్కుమనడమే!”

“నిన్న సాయంత్రం టిక్కుమంది,” అంది టెస్సా.

వెర్నా చేతులు జారిపోయాయి. “నొక్కాడా? నిజంగానే నొక్కాడా? ఇప్పుడెక్కడున్నాడు వాడు?”

“ట్రక్కులో ఉన్నాడు. రాత్రంతా ఏడ్చాడు. పొద్దున తనే వస్తానన్నాడు.”

గేటు దగ్గర ట్రక్కులో ఒక మనిషి రెండు చేతుల్లో తల పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. వెర్నా విసురుగా అటు నడిచింది. “దింపు వాణ్ణి. షెరీఫ్ దగ్గరికి నేనే ఈడ్చుకుపోతా. కట్టుకున్నదాని మీద తుపాకీ ఎత్తిన వెధవని...”

టెస్సా పరుగున వచ్చి రెండు చేతులూ చాపి అడ్డం నిలబడింది.

“ఆయన గురిపెట్టింది నాకు కాదక్కా, తనకే.”