గాలి జాకెట్టు

భోజనం గంట కొట్టగానే, కడుతున్న భవనం ముప్పయ్యో అంతస్తు నుంచి కూలీలందరం దూకుతాం. పైకి లిఫ్టు ఉంది, కిందికి లేదు. ఒంటికి తొడుక్కున్న గాలి జాకెట్టు విచ్చుకుని దూదిపింజలా దించుతుంది. ఆడవాళ్లు టిఫిన్ గిన్నెలు పట్టుకుని కబుర్లు ఆపకుండానే దిగుతారు. పప్పుచారు కూడా తొణకదు.

మా పాత మేస్త్రీ కొమురయ్య ఇవాళే మొదటిసారి పైకొచ్చాడు. అంచున నిలబడి ఒంటి మీది జాకెట్టు తడుముకున్నాడు.

"రాజలింగం, ఇది తెరుచుకుంటదా?"

ఇరవై ఏళ్ల కింద నా భార్య బాలమణి ఐదో అంతస్తు పరంజా మీద నుంచి పడి చచ్చిపోయింది. నడుముకు బెల్టు అడిగినప్పుడల్లా ఈయన రేపు తెస్తానన్నాడు.

"రేపు తెరుచుకుంటది మేస్త్రీ," అని తోసేశాను.

జాకెట్టు విచ్చుకుంది. పంచె గొడుగులా లేచింది. ఆడవాళ్లు విరగబడి నవ్వారు. చావుకేక పెట్టిన మేస్త్రీ, ఇరవయ్యో అంతస్తు దగ్గర కిలకిలలాడాడు. వెనకే దూకి అతన్ని అందుకున్నాను. నాకూ నవ్వు ఆగలేదు.

"గింత మజా ఉంటదని చెప్పవైతివి," అన్నాడు.

ఐదో అంతస్తు రాగానే అతని నవ్వు ఆగిపోయింది.

"రాజలింగం, ఆనాడు బాలమణికి నేను..."

"రేపు చెప్పు మేస్త్రీ," అన్నాను.