మూడో పిల్ల

“మళ్ళీ లెక్కపెట్టు,” అన్నాడు ఇర్విన్.

వెర్నా దుర్భిణికి కన్ను ఆనించింది. వీధికి అవతల ఏడంతస్తుల భవనం. పై అంతస్తు కిటికీ పక్కన, రాతి అంచు మీద పుల్లల గూడు. గూటి ఒడ్డున ఎర్రతోక డేగ. దాని కాళ్ళ దగ్గర దూదిపింజల్లాంటి తలలు. ఒకటి. రెండు. మూడు.

“మూడు,” అంది నెమ్మదిగా.

“మరి పుస్తకంలో?”

గూటి సంగతులు రాసే ఆ పుస్తకంలో పద్దెనిమిది రోజులుగా ‘పిల్లలు రెండు’ అనే ఉంది. అంతా ఆమె చేతిరాతే.

బ్రాంక్స్ పేటలో వాళ్ళు రోజూ కూర్చునే ఆ పార్కు బెంచీకి ఒక కట్టుబాటుంది. కంటితో చూసిందే పుస్తకంలోకి ఎక్కాలి. ఒక వసంతంలో మూడు తప్పులు దొర్లితే పుస్తకం చేతులు మారాలి. ఆ కట్టుబాటు పెట్టింది వెర్నాయే. ముప్ఫై ఒక్క ఏళ్ళు తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసిన మనిషి. ఒక గడిలో పడాల్సిన కవరు ఆమె చేతిలోంచి పక్క గడిలో పడి ఎరగదు. తొమ్మిది వసంతాలుగా పుస్తకం ఆమె దగ్గరే ఉంది. పొద్దున్నే లేచి తయారవడానికి ఆమెకున్న కారణం కూడా అదే.

ఈ ఏడు అప్పుడే రెండు తప్పులయ్యాయి. ఒక మంగళవారాన్ని రెండుసార్లు రాసింది. మగడేగ పావురాన్ని తెచ్చిన రోజును అసలు రాయలేదు. అదుగో అని వేలుపెట్టి చూపించింది నువ్వేనని అందరూ అన్నారు. ఆమెకు ఆ పావురమే గుర్తులేదు.

“ఇది మూడోది వెర్నా,” అన్నాడు ఇర్విన్. బడిపంతులుగా రిటైరైనా గొంతు ఇంకా నల్లబల్ల ముందే ఉంది. “నీ లెక్క నమ్మి మేమూ రెండే అనుకున్నాం. మూడోది వెనకాల పడుకుని ఉంటుంది.”

“పద్దెనిమిది రోజులూ పడుకునే ఉందా?”

“మరి రాత్రికి రాత్రి గుడ్డు పెట్టి, పొదిగి, ఇంతదాన్ని చేసిందంటావా?”

“ఊరుకోండి సార్,” అంది మారిత్సా. వీధి మూలన జుట్టు కత్తిరించే దుకాణం ఆమెది. తలుపు తీసే ముందు రోజూ ఓ అరగంట ఇక్కడ కూర్చుంటుంది. “కాలు మీద కాలేసుకుని బేగెల్ రొట్టె తినేవాళ్ళకు లెక్క ఎందుకు తప్పుతుంది? వెర్నాగారూ, మీరు బాధపడకండి. పుస్తకం కొన్నాళ్ళు నేను రాస్తాలే.”

ఆ మెత్తని మాట ఇర్విన్ దెప్పిపొడుపు కంటే ఎక్కువ గుచ్చుకుంది.

వెర్నా కళ్ళు మూసుకుంది. నిన్న మధ్యాహ్నం చూసిన గూడు స్పష్టంగా కనబడింది. రెండే తలలు. కళ్ళు తెరిచింది. మూడు. తప్పింది చూపా, బుర్రా? చూపైతే అద్దాలు మార్చుకోవచ్చు. పొద్దుట్నుంచీ మోకాళ్ళు పీకుతున్నాయి. మణికట్టు మీద ఎర్రటి గీతలు రెండున్నాయి, దేనికి గీరుకుందో తెలియదు. చొక్కా చెయ్యి కిందికి లాక్కుని, పుస్తకాన్ని మారిత్సా వైపు జరిపింది. చెయ్యి మాత్రం అట్ట మీదనుంచి రాలేదు.

అప్పుడే ఎదురు భవనం బాగోగులు చూసే బెస్నిక్ కాఫీ కప్పుతో వీధి దాటి వచ్చాడు.

“ఏంటి, ఎవరైనా పోయారా? అందరి మొహాలూ అలా ఉన్నాయి.”

“వెర్నా లెక్క తప్పింది. రెండని రాసింది, మూడున్నాయి,” అన్నాడు ఇర్విన్.

బెస్నిక్ వెర్నా వైపు చూసి నవ్వాడు. “ఈయన్ని ఇంకా ఎంతసేపు ఏడిపిస్తారు మిస్ వెర్నా? రెండే సార్. నిన్న సాయంత్రం దాకా రెండే.”

“ఏమన్నావు?”

“అవతల క్వీన్స్ పేటలో ఎక్కడో గూడు కూలిపోయిందట, ఒక్క పిల్లే మిగిలింది. ఆరింటికి పక్షుల డాక్టరమ్మ దాన్ని అట్టపెట్టెలో పెట్టుకుని వచ్చింది. లిఫ్టు పనిచెయ్యదు కదా, ఏడంతస్తులూ మెట్లెక్కాం. కిటికీలోంచి గూట్లో పెట్టేశాం. తల్లి ఒప్పుకుంటుందా అనడిగితే, డేగకు లెక్కలు రావు, నోరు తెరిచిన ప్రతిదానికీ పెడుతుందంది డాక్టరమ్మ.”

ఇర్విన్ చేతిలోని బేగెల్ కాగితంలోకి దిగింది. పుస్తకాన్ని తానే వెర్నా ఒళ్ళోకి తోశాడు. “తప్పు నాది. క్షమించు.”

“చూశారా?” అంది మారిత్సా. “ఆవిడ లెక్కంటే లెక్కే.”

వెర్నాకు ఊపిరి తిరిగింది. బుర్ర తన దగ్గరే ఉంది. కలం తీసి ‘పిల్లలు మూడు’ అని గుండ్రంగా రాసింది. భయం పోయాక కోపం వచ్చింది.

“నీకు బుద్ధుందా బెస్నిక్? ఇంత జరిగితే మా బెంచీవాళ్ళలో ఒక్కరికైనా చెప్పొద్దూ? ఇందాకట్నుంచీ నా ప్రాణం ఎంత కొట్టుకుందో తెలుసా?”

బెస్నిక్ మొహంలో నవ్వు ఆగిపోయింది. ఇర్విన్‌ను చూశాడు, మారిత్సాను చూశాడు, మళ్ళీ ఆమెను చూశాడు.

“పెట్టె మోసింది మీరే కదా, మిస్ వెర్నా.”