తొండూరులో దిగినవాడు

తొండూరులో బస్సు దిగేసరికే కలీంకు ఒళ్ళంతా చిరచిరలాడుతోంది. ఒక చేతిలో సంచి, భుజాన పరుపు చుట్ట, జేబులో ఆగకుండా మోగే ఫోను. ఎండ చూస్తే మాడు పగలగొట్టేలా ఉంది.

ఫోను తీశాడు. ప్రొద్దుటూరు నుంచి వాళ్ళ నాయన ఇస్మాయిల్. వెండి పట్టీలకు మెరుగు పెట్టే పని ఆయనది.

“యాడుండావప్పా?”

“తొండూరులో, అబ్బా. చిన్న పనుండాది. చూసుకుని వస్తా.”

“జల్దీ రా. అంగట్లో నీకు పీటేసి పెట్టుకోని కూర్చోనుండా.”

ఆ చిన్న పని పేరు లోకేష్. పులివెందుల దగ్గర ఇంజనీరింగు కాలేజీలో ఫస్టియరు. ఈ ఊళ్ళో గొర్రెలు కాసే ఇంట్లోంచి ఆ గడప తొక్కిన మొదటివాడు. ఇలాంటి పిల్లలు మధ్యలో జారిపోకుండా కాలేజీవాళ్ళు ఒక్కొక్కరిని ఒక్కో సీనియరుకు అప్పగిస్తారు. ఆ సీనియరు కూడా ఇంజనీరన్న మాటే కొత్తయిన ఇంటివాడై ఉండాలి. అట్లా లోకేష్ మూడో ఏడాది చదువుతున్న కలీంకు తగులుకున్నాడు.

వారం దాటింది, పిల్లవాడు పత్తా లేడు. ఈ మధ్యాహ్నం రెండింటికి డ్రాయింగు పరీక్ష. దానికి కూర్చోకపోతే ఏడాది గల్లంతే.

లోకేష్ అవ్వ చిన్నసుబ్బమ్మ కలీంను వాకిట్లోనే పట్టుకుంది.

“మావోని పరుపు తెచ్చినావా నాయనా? మంచి పని చేసినావు. రేపు మంద జమ్మలమడుగు దిక్కు పోతాంది. వాడూ మందెంబడే పోతాడు. చేలల్లో పండుకునేదానికి పనికొస్తాది. వానికింక సదువొద్దులే!”

కలీం నోరు తెరిచేలోపే పరుపు, సంచి అరుగు మీద పెట్టించి, చేను దారి చూపించింది. ఆమె ముందర ఎవరి మాటా సాగేట్టు లేదు.

శనగ కోసిన చేలో మంద మేస్తోంది. తుమ్మచెట్టు కింద కూర్చున్న లోకేష్ కలీంను చూడగానే లేచాడు. తల దించుకున్నాడు.

“నేను రాను అన్నా.”

కలీం బస్సులో దారిపొడుగునా ఒక మాట కూడబలుక్కుంటూ వచ్చాడు. ఇప్పుడది పక్కన పెట్టేశాడు. “ఏమైందప్పా?” అని మాత్రం అన్నాడు.

“ఏం కాలేదో అడుగు. మేడం ఇంగ్లీషులో అడిగింది, నాకొచ్చినట్టు మన తెలుగులోనే చెప్పినా. క్లాసంతా పడీపడీ నవ్వినారు. ఆ పొద్దు నుంచి ఎదురుపడితే చాలు, ‘యాడ పోతాండావు’ అని నా మాదిరి మాట్లాడతాండారు. గొర్రెలే నయం. నవ్వవు.”

ఆ నవ్వు కలీంకూ తెలుసు. ఇప్పటికీ చెవుల్లోంచి పోలేదు. అయినా ఎక్కడలేని కోపం తన్నుకొచ్చింది.

“నవ్వితే నవ్వనీ! నవ్వినోళ్ళకు సీటు ఇడిసిపెట్టి పోతామా? సబ్జెక్టు తప్పితే మళ్ళా రాసుకోవచ్చు. సిగ్గుపడి ఇంటికి పోతే మళ్ళా ఎవరు పిలుస్తారప్పా? మన ఇండ్లల్లోంచి ఇంకోడు ఆడికి రావల్లంటే ఎన్నేండ్లు పడతాదో తెలుసునా నీకు?”

ఆ అరుపుకు గొర్రెలు బెదిరి పక్కకు జరిగాయి. అరిచినవాడు కూడా ఉలిక్కిపడ్డాడు.

లోకేష్ కాలితో మట్టి గెలుకుతూ నిలబడ్డాడు. తలెత్తాడు.

“ఆడ నాకు నువ్వు తప్ప దిక్కు లేదన్నా. నీ చదువు అయ్యేదాకా నన్ను ఒంటిగా వదిలిపెట్టి పోనని ఒట్టెయ్యి. ఇప్పుడే వస్తా.”

ఫోను మళ్ళీ మోగింది. నాయనే. కలీం ఎత్తలేదు. రోడ్డు వైపు చూశాడు, పిల్లవాడి వైపు చూశాడు. నాలుగడుగులు అటు వేసి మళ్ళీ ఇటు వచ్చాడు. ఇంత చిన్న మాటకు ఇంతసేపేమిటని లోకేష్ ముఖం వాడిపోతోంది.

“ఒట్టు,” అన్నాడు చివరికి. “నడువు. రెండు దాటితే లోపలికి రానియ్యరు.”

చిన్నసుబ్బమ్మ ఇద్దరినీ తిట్టింది, ఏడ్చింది, ఆఖరుకు జొన్నరొట్టెలు మూటగట్టి మనవడి చేతిలో పెట్టింది. “పో సామీ, మందను మీ నాయన చూసుకుంటాడులే.” లోకేష్ అరుగు మీది పరుపు ఎత్తబోతే కలీం లాక్కుని తన భుజానే వేసుకుని, సంచి అందుకున్నాడు.

పులివెందుల బస్సు కిక్కిరిసి ఉంది. లోకేష్ ఎట్లాగో ముందుకు తోసుకుపోయాడు. కలీం పరుపుతో సహా తలుపు దగ్గరే ఇరుక్కుపోయాడు. ఈసారి ఫోను ఎత్తాడు.

“ఇంకా రాలేదేమప్పా? మీ అమ్మ అన్నం పెట్టుకోని చూస్తాంది.”

“నాకేసిన పీట తీసెయ్ అబ్బా,” అన్నాడు కలీం గొంతు తగ్గించి, “చదువు మానేసి వస్తాండానని పొద్దున చెప్పింది మర్చిపో, నా పరుపు మళ్ళా హాస్టలుకే పోతాంది.”