ముందు సీటు

"మీ ఆవిడని వ్యానులో పంపిద్దాం మాస్టారూ, గుట్ట బాగా నిలువు" అంది యాత్ర నడిపించే అమ్మాయి.

డ్రిల్లు మాస్టారు మెళ్ళో ఈల సవరించుకుని నవ్వారు. "ఆవిడ వెనక ఊరికే కూర్చుంటుంది తల్లీ. లాగేది నేను కదా."

అది ఇద్దరూ కలిసి తొక్కే జంట సైకిలు. నాలుగు రోజుల యాత్రలో ఇది మొదటి రోజు. ఇవాళ ఈ గుట్ట ఎక్కలేనివాళ్ళు మిగతా రోజులన్నీ సరస్సుల్నీ లోయల్నీ వ్యాను కిటికీలోంచి చూసుకోవాల్సిందేనని పొద్దున్నే చెప్పేశారు. ఉద్యోగమంతా బడిపిల్లల్ని పరుగెత్తించిన మాస్టారికి వ్యాను ఎక్కడమంటే తల తీసేసినంత పని. ఆయన బెంగంతా భార్య గురించే. ఆవిడ టైలరు. కాలితో కుట్టుమిషను తొక్కడం తప్ప మరో కసరత్తు ఎరగదు.

"మిషను తొక్కడం వేరు, సైకిలు తొక్కడం వేరు" అని బయల్దేరేటప్పుడే హెచ్చరించారు. ముందు పెడళ్ళనుంచి వెనక పెడళ్ళకో గొలుసు, అక్కణ్ణుంచి చక్రానికో గొలుసు అంటూ యాత్ర వెంట వచ్చే మెకానిక్కు ఏదో వివరించబోతే, ఆ సోదంతా భార్యకి వదిలేసి ఆయన టైర్లలో గాలి నొక్కి చూసుకున్నారు.

గుట్ట మొదట్లో మంచినీళ్ళకి ఆగుతుండగా కింద ఏదో టప్పుమంది. రాయి తగిలిందనుకున్నారు మాస్టారు. దిగి, పక్కనున్న కుర్రజంటకి ఎత్తు ఎక్కేటప్పుడు ఊపిరి ఎలా పీల్చాలో పాఠం చెప్పి వచ్చారు. అప్పటికి భార్య గ్రీజంటిన చేతుల్ని గుడ్డతో తుడుచుకుంటోంది.

"ఉన్నచోట ఉండలేవు కదా నువ్వు" అని విసుక్కుంటూ ముందు సీటెక్కారు.

ఎక్కడం మొదలైందో లేదో మాస్టారికి ఆశ్చర్యం వేసింది. కాళ్ళు దూదిపింజల్లా తిరిగిపోతున్నాయి. అలుపు లేదు, ఆయాసం లేదు. ఒంట్లో సత్తువ ఎక్కడికి పోతుంది, అడిగితే బయటికొస్తుంది అనుకుని పొంగిపోయారు. మలుపు దగ్గర కొందరు సైకిళ్ళు దిగి నెట్టుకుంటున్నారు. ఆ కుర్రజంట వ్యానులోంచి చెయ్యూపింది. మాస్టారు మాత్రం హుషారుగా ఈల ఊదుకుంటూ వాళ్ళని దాటిపోయారు.

వెనకనుంచి భార్య రొప్పు వినిపించి జాలేసింది. "అంత కష్టంగా ఉంటే కాళ్ళు తీసేసి కూర్చోవే. నేనున్నాగా."

"వద్దులెండి" అంది ఆవిడ.

పైన చల్లగాలి, అవతల లోయలో మెరిసిపోతున్న సరస్సు. ముందే చేరినవాళ్ళు చప్పట్లు కొట్టారు. మాస్టారి ఛాతీ ఇంతయింది. ఈ వయసులో ఇద్దరి బరువూ ఒక్కడే లాక్కొచ్చానని వచ్చినవాళ్ళకల్లా చెప్పుకున్నారు. రేపటి కొండైనా సరే, భయం లేదన్నారు. ఈలోగా సైకిలు చూడ్డానికి వంగిన మెకానిక్కు అలాగే ఉండిపోయాడు.

"ముందు పెడళ్ళ గొలుసేది మాస్టారూ? అది లేకపోతే మీరు ఎంత తొక్కినా గాల్లో తొక్కినట్టే. బండిని లాగేది వెనక సీటువాళ్ళ కాళ్ళే."

మాస్టారు గబగబా వంగి చూశారు.

"ఇప్పుడే తెగి ఉంటుందయ్యా, పైకొచ్చాక. అక్కడే ఎక్కడో పడుంటుంది, వెతుకు" అన్నారు.

చెమటతో తడిసి ముద్దయిన టైలరు నడుం నిటారుగా చేసుకుంది. మహా దర్జాగా సంచి తెరిచి, గుడ్డలో చుట్టిన గొలుసు తీసి మెకానిక్కు చేతిలో పెట్టింది. గుట్ట కిందే తెగిందనీ, చెబితే వ్యాను ఎక్కిస్తారని దాచాననీ చెప్పి, మొగుడి వైపు తిరిగి నవ్వింది.

"దారం తెగిన మిషను కూడా ఇలాగే తేలిగ్గా తిరుగుతుందండీ. కుట్టే పడదు."