మూడు తరాల ముక్కు

"కట్! నానమ్మా, మళ్లీ దగ్గావ్!" మనవరాలు తల పట్టుకుంది.

గోదాములో పొద్దుటి నుంచి ఇది నాలుగోసారి. కళ్లకు గంతలు కట్టుకుని, పొగాకు కట్టను ముక్కుకు ఆనించుకుని కూర్చున్న పెద్దాయన గంతలు పైకి తోశాడు. వాసనతోనే ఆకు రకం చెప్పే ముక్కు ఆ ఇంట్లో తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి ఆయనకు వచ్చిందని ఊరూవాడా చెప్పుకుంటారు. మనవరాలు తీస్తున్న డాక్యుమెంటరీకి ఆ ముక్కే హీరో.

"రెండో రకమని సరిగ్గానే చెప్పానుగా తల్లీ?"

"నీ మాట కంటే నానమ్మ దగ్గే గట్టిగా వినిపిస్తోంది తాతయ్యా. నానమ్మా, కాసేపు బయట కూర్చోవూ?"

"దానికేం భాగ్యం!" ఆవిడ హాయిగా లేచింది.

పెద్దాయన కంగారుపడ్డాడు. "ఉండనీ అమ్మాయ్! నలభై ఏళ్లుగా నా పక్కనే కూర్చుంటోంది."

"ఆ సంగతి మైకుకి తెలీదు కదా!"

ఆవిడ వెళ్లింది. ఆకు రకాలు వేరుచేయించే గోదాము మేస్త్రీ కొత్త కట్ట చేతికిచ్చాడు. పెద్దాయన పీల్చాడు. ఇంకా గట్టిగా పీల్చాడు. చెవులు రిక్కించాడు. నుదుట చెమట పట్టింది.

"మొదటి... మొదటి రకం."

మేస్త్రీ నాలుక కరుచుకున్నాడు. "మూడోదండీ."

మనవరాలు కెమెరా ఆపి దగ్గరికొచ్చింది. "ఏమైంది తాతయ్యా?"

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నా ముక్కు పడకేసి ఇరవై ఏళ్లయిందే. మీ నానమ్మ ఒకసారి దగ్గితే మొదటి రకం, రెండుసార్లయితే రెండోది, మూడుసార్లయితే మూడోది. ఒక్కటీ తప్పలేదు. బయటికి పొక్కిందా, నా పరువు బజారున పడుతుంది!"

"ఇద్దరూ కూడబలుక్కున్నారా!"

"కూడబలుక్కోవడమెందుకు? నేనడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఇన్నేళ్ల కాపురం, ఆ మాత్రం అర్థం కాదూ?"

మనవరాలి కళ్లు చెమర్చాయి. అసలు హీరో బయట కూర్చుంది! కెమెరా ఎత్తుకుని పరుగెత్తింది.

"నానమ్మా, తాతయ్య అంతా చెప్పేశాడు. ఆ దగ్గు సంగతేమిటో నీ నోటితో నువ్వే చెప్పు."

"ఇన్నాళ్లకు ఒప్పుకున్నాడన్నమాట!" ఆవిడ కెమెరా వైపు తిరిగింది. "ఆకు నాసిదయ్యేకొద్దీ దుమ్మెక్కువ. అది గొంతుకు అడ్డం పడి నలభై ఏళ్లుగా పక్కనే కూర్చుని దగ్గి చస్తున్నా, ఒక్క గ్లాసుడు మంచినీళ్లిచ్చిన పాపాన పోలేదమ్మా ఈయన!"