మూడో మనిషి

సముద్రం పక్క రోడ్డు మీదుగా సరిహద్దు దాటి, అవతలి దేశంలో పగలంతా తిరిగి, వదినా మరదళ్ళిద్దరూ కారులో ఇంటికి వస్తున్నారు. సరిహద్దు గేటు దగ్గరికి చేరేసరికి బాగా చీకటి పడింది. వేరే బండి ఒక్కటీ లేదు.

కాపలాదారు రిజిస్టరు తిరగేసి, కారులోకి టార్చి వేశాడు.

"పొద్దున ముగ్గురు వెళ్ళారు. ఇంకొకావిడ ఏరీ?"

"మేమిద్దరం పోట్లాడుకోవడానికే ఈ కారు చాలదు. ఇంక మూడో మనిషా?" అంది వదిన.

అతను రిజిస్టరు చూపించాడు. 'ముగ్గురు' అని వదిన చేతిరాతలోనే ఉంది.

"ఆవిడ రాందే గేటు తియ్యనమ్మా. వస్తున్నార్లెండి."

వెనక చీకట్లో చెప్పుల చప్పుడు వినిపించింది. దారి తెలిసిన మనిషిలా తాపీగా దగ్గరవుతోంది.

మరదలు తన వైపు అద్దం పైకెత్తేసింది. వదిన ఇరవై ఏళ్ళుగా రోగుల్ని మంచాల మీదికి ఎత్తుతున్న నర్సు. కారు దిగి, గేటు కర్రను రెండు చేతులా పైకి లేపేసింది. అది అలాగే నిలిచింది.

"తప్పు చేస్తున్నారమ్మా" అన్నాడతను, కుర్చీలోంచి కదలకుండా.

"నా కారులో ఎవరెక్కాలో నేను చెప్తాను. నీ పుస్తకం కాదు."

ఆమె వచ్చి కూర్చుని తాళాలు వేసేసరికి, చప్పుడు కారు పక్కనే ఆగింది. వెనక తలుపు పిడి మెల్లగా ఒకసారి కదిలింది.

వదిన తల తిప్పలేదు.

"ఇక్కడ చోటు లేదు. రావాలనుంటే నడిచే రా" అని, కారును ముందుకు దూకించింది.